ఎవరి తాలూకు?

ఢిల్లీలో కూర్చుని రాసేవాడికి ప్రతి సమస్యా శాసన సమస్యగానే కనిపిస్తుంది. చట్టం ఉన్నదా, లేదా? లేకపోతే ఎప్పుడు వస్తుంది? ఉంటే ఏ సెక్షను? రాజధాని విలేఖరులందరికీ అలవడిన ధోరణి ఇది. శరణాలయాలలో పెరిగి పెద్దవారైన యువతీయువకుల విషయంలో ఈ ధోరణి ఎంతవరకు పనికివస్తుందనే సందేహం నాకు చాలాకాలంగా ఉన్నది. సూరత్ జిల్లాలోని బార్డోలీకి వెళ్ళిన తరువాత ఆ సందేహం బలపడింది.

మన పల్లెలలో కొత్త మనిషి కనిపిస్తే "ఎవరి తాలూకు?" అని అడుగుతారు. ఆప్యాయంగా అడిగినా, ఆరా తీస్తూ అడిగినా ప్రశ్న ఒక్కటే: నీ వెనుక ఎవరున్నారు? బాలసదనంలోనో, అనాథ శరణాలయంలోనో పెరిగినవారి దగ్గర దీనికి సమాధానం లేదు. వీధిలో ఆ ప్రశ్న నోటిమాటగా గాలిలో కలిసిపోతుంది. కచేరీలో మాత్రం అది దరఖాస్తుపై అచ్చయి ఉంటుంది. తండ్రి పేరు, స్వగ్రామం, కులం, శాశ్వత చిరునామా, హామీదారు. ఈ గడులను గీసినవారికి అనాథలపై ద్వేషమేమీ లేదు. వారిని తలచుకోలేదు, అంతే. వివక్ష అనగానే మనకు దూషణ, వెలి గుర్తుకు వస్తాయి గాని, ఖాళీగా మిగిలిన గడి చేసే పని కూడా సామాన్యమైనది కాదు.

చట్టం లేదా అంటే, ఉన్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టం చెడ్డ చట్టమేమీ కాదు. బాలలను ప్రస్తావించేటప్పుడు కించపరిచే మాటలు వాడరాదనీ, ఎటువంటి వివక్షా చూపరాదనీ మూడవ సెక్షనులోనే సూత్రాలుగా చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండి శరణాలయం విడిచేవారికి ఆర్థిక సహాయం చేయవచ్చునని 46వ సెక్షను అంటుంది. ఈ అనంతర సంరక్షణ 21 ఏళ్ళ వరకు. అసాధారణ పరిస్థితులలో 23 వరకు పొడిగించవచ్చునని 2016 నాటి నమూనా నియమాలు చెబుతాయి. 2022లో వెలువడిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించాయి. కాగా, ఆ వయసు దాటినవాడు అద్దె ఇంటికి వెళ్ళినప్పుడు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు, పెళ్ళి నమోదుకు నిలబడినప్పుడు చట్టం అతని పక్కన ఉండదు. సగటు గృహస్థుని కొడుకు ఇరవైమూడేళ్ళకు ఇంకా తండ్రి ఇంట్లోనే భోజనం చేస్తూ ఉంటాడన్న సంగతి చట్టం రాసినవారికి తెలియనిది కాదు.

ఈ గడుల దెబ్బ ఎటువంటిదో మహారాష్ట్రలో అమృతా కర్వందే అనే యువతి బహిరంగంగా చెప్పింది. గోవాలో ఒక అనాథాశ్రమంలో పెరిగి, పద్దెనిమిదేళ్ళకు బయటికి వచ్చి, పుణేలో పనిచేసుకుంటూ చదివి, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసింది. తన కులమేమిటో తెలియని మనిషి ఏ ధ్రువపత్రం తేగలదు? అత్యంత నిరుపేద స్థితి నుండి వచ్చిన అభ్యర్థిని కాగితాల మీద అగ్రవర్ణాలతో సమానంగా జనరల్ కోటాలో పోటీపడవలసి వచ్చింది. ఆమె 2017లో ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్‌ను కలుసుకున్నది. 2018 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం అనాథలకు విద్యలోనూ, ఉద్యోగాలలోనూ ఒక శాతం కేటాయించింది. అక్కడితో కథ ముగిసిందా? తల్లిదండ్రులు మరణించినవాడు అనాథ గాని, వారు వదలివేసినవాడు అనాథ కాడనే వాదం పుట్టింది. ఆ తేడాను 2023లో బొంబాయి హైకోర్టు అంగీకరించలేదు. తల్లి ఉండి వదలివేయడం కంటె చనిపోవడమే బిడ్డకు లాభమని ఒక సర్కారు వాదించగలగడం మన పాలనా చాతుర్యానికి మచ్చుతునక.

తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో వెనుకబడి లేవు. వెనుకబడిన తరగతుల జాబితాలోని 'ఎ' వర్గంలో అనాథబాలలు ఉన్నారు. అయితే షరతులు చూడండి: పదేళ్ళ వయసు రాకముందే తల్లిదండ్రులను కోల్పోయి ఉండాలి, చట్టరీత్యా గాని ఆచారరీత్యా గాని ఆదుకొనేవారు ఉండరాదు, ప్రభుత్వ సంస్థలోనో ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలోనో చేరి ఉండాలి. పదకొండవ ఏట అనాథ అయినవాడికి ఈ తలుపు మూసుకుపోతుంది.

పైగా ఈ తలుపు రాష్ట్ర సరిహద్దు దాటితే అసలు లేదు. సూరత్ మరమగ్గాల వెంట తెలంగాణ పద్మశాలీలు వేల సంఖ్యలో స్థిరపడ్డారన్నది పాఠకులు ఎరిగినదే. ఆ పేటలలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాడు పెరిగేది గుజరాత్ సంస్థలో, అతని జాబితా ఉండేది హైదరాబాదులో. షెడ్యూల్డు కులాలు, తెగల హోదా వలస వెళ్ళినవారి వెంట మరొక రాష్ట్రానికి రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు తెలుగువాడే. బొంబాయి వైద్యకళాశాలలో సీటు కోరినవాడు. తండ్రి బతికి ఉండి, కులం తెలిసి ఉన్న విద్యార్థికే దక్కనిది, రెండూ లేనివాడికి ఎలా దక్కుతుంది?

ఇక్కడ బ్రిటన్ అనుభవం కొంత ఉపయోగపడుతుంది. ఆ దేశపు 2010 నాటి సమానత్వ చట్టం వయసు, జాతి, మతం, వైకల్యం వంటి తొమ్మిది లక్షణాలను పేర్కొని, వాటి కారణంగా వివక్ష చూపరాదన్నది. ప్రభుత్వ సంరక్షణలో పెరగడం ఆ తొమ్మిదింటిలో లేదు. దానిని కూడా చేర్చాలని 2022 మే నెలలో జోష్ మెకాలిస్టర్ సమర్పించిన స్వతంత్ర సమీక్ష సిఫారసు చేసింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం ఆ సిఫారసును స్వీకరించలేదు. మన దగ్గరైతే విషయం అక్కడ ఆగిపోయి ఉండేది. అక్కడ స్థానిక కౌన్సిళ్ళు ఊరుకోలేదు. తాను కూడా సంరక్షణలోనే పెరిగిన టెర్రీ గాలోవే అనే కార్యకర్త ఊరూరా తిరిగి కౌన్సిలర్లను ఒప్పించాడు. దేశచట్టం ఏమన్నా సరే, మా కౌన్సిలు తీసుకొనే నిర్ణయాలలో సంరక్షణలో పెరిగినవారిని రక్షిత వర్గంగానే పరిగణిస్తామని నూరుకు పైగా కౌన్సిళ్ళు తీర్మానించాయి. ఆ తీర్మానానికి కోర్టులో నిలిచే బలం లేదు. ఇళ్ళ కేటాయింపులోనో, ఉద్యోగ ప్రకటనలోనో కొత్త నిబంధన రాసేటప్పుడు 'వీరి సంగతి ఏమిటి?' అని గుమాస్తా ఒకసారి ఆగి ఆలోచించవలసి ఉంటుంది. దాని ప్రయోజనం అదే. కొన్నిచోట్ల మరొక అడుగు వేశారు. స్కాట్లండులో సంరక్షణ నుండి వచ్చినవారికి 26వ ఏడు వచ్చేవరకు కౌన్సిలు పన్ను 2018 నుండి లేదు.

పన్ను మాట వచ్చింది గనుక బార్డోలీ మాట చెప్పాలి. 1922లో పన్నుల నిరాకరణకు గాంధీజీ ఎన్నుకొన్నది ఈ తాలూకానే. చౌరీచౌరా అనంతరం ఆ ఏడు ఫిబ్రవరిలో ఉద్యమాన్ని నిలిపివేసిన తీర్మానం కూడా ఇక్కడే జరిగింది. అప్పటికే పెదనందిపాడులో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టడం మానివేసి ఉన్నారు. బార్డోలీ ఆగడంతో వారూ ఆగవలసి వచ్చింది. ఆరేళ్ళ తరువాత, 1928లో, 22 శాతం శిస్తు పెంపుపై వల్లభ్‌భాయి పటేల్ నడిపిన సత్యాగ్రహం గెలిచి, విచారణ జరిగి, పెంపు ఇంచుమించు ఆరు శాతానికి దిగింది. బొంబాయి సర్కారు చేసిన లెక్క తప్పని ఒక తాలూకా నిరూపించింది. స్వరాజ్ ఆశ్రమంలో ఆ చరిత్రను భద్రపరచారు.

అటువంటి ఊరి పురపాలక సంఘం ఇంగ్లండు కౌన్సిలు చేసిన తీర్మానం చేయలేదా? చట్టరీత్యా అడ్డేమీ నాకు కనిపించలేదు. బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణను రాజ్యాంగపు పన్నెండవ షెడ్యూలు పట్టణ సంస్థల జాబితాలోనూ, సాంఘిక సంక్షేమాన్ని పదకొండవ షెడ్యూలు పంచాయతీల జాబితాలోనూ ఉంచాయి. పంచాయతీలలో సామాజిక న్యాయ సమితులు ఉండాలనే నియమం గుజరాత్‌లో దశాబ్దాలుగా ఉన్నది. జనన నమోదు స్థానిక సంస్థల బల్ల మీద పని. 2023 సవరణ తరువాత ఆ బల్లకు ఎన్నడూ లేని ప్రాధాన్యం వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి, ఓటు, పెళ్ళి నమోదు, ప్రభుత్వోద్యోగం అన్నింటికీ జనన ధ్రువపత్రమే ఆధారం. అనాథల, వదలివేయబడిన శిశువుల నమోదును సులభం చేయాలని కూడా ఆ సవరణే చెప్పింది. అయితే అంతకుముందు పుట్టి నేడు ఇరవై ఏళ్ళ వయసులో ఉన్నవారి సంగతి నమోదు గుమాస్తా ఓర్పు మీదనే ఆధారపడి ఉన్నది.

గుజరాత్ చేసినది లేకపోలేదు. తల్లిదండ్రులు లేని పిల్లలను పెంచుకొనే బంధువులకు పాలక్ మాతాపితా యోజన కింద నెలకు 3,000 రూపాయలు ఇస్తున్నది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడులలో కేటాయించే 25 శాతం సీట్ల ప్రాధాన్యక్రమంలో అనాథను మొదట నిలబెట్టింది. న్యాయవాది పౌలోమీ పావనీ శుక్లా వేసిన పిటిషనుపై 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇటువంటి ఏర్పాటు అన్ని రాష్ట్రాలలోనూ ఉండాలన్నది. బడి దొరకని అనాథలను లెక్కించమని ఆదేశించింది. ఆరేళ్ళ వయసులో వరుసలో మొదటివాడైన బిడ్డ పద్దెనిమిదేళ్ళకు వరుసలో ఎక్కడా కనిపించకపోవడమే విడ్డూరం. హిమాచల్ ప్రదేశ్ ఒక్కటి 2023లో సుఖ్ ఆశ్రయ్ చట్టం చేసి వీరిని రాష్ట్రం బిడ్డలన్నది, 27 ఏళ్ళ వరకు ఆదుకుంటానన్నది.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది, తీసిపారవేయదగినది కాదు. రక్షణ ఇవ్వాలంటే మనిషిని గుర్తించాలి, గుర్తిస్తే ముద్ర పడుతుంది. శరణాలయంలో పెరిగిన సంగతి దాచుకొని ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి పురపాలక కార్యాలయంలో అనాథ ధ్రువపత్రం చూపించి పన్ను మినహాయింపు తీసుకోవాలని కోరుకుంటుందా? బాలల గుర్తింపును వెల్లడించరాదని బాలల న్యాయ చట్టమే నిషేధించింది. బ్రిటన్‌లో సైతం సంరక్షణలో పెరిగినవారిలోనే కొందరు ఈ ముద్ర మాకు వద్దన్నారు. నా అభిప్రాయంలో, మినహాయింపులకంటె ముందు చేయవలసినది గడుల సవరణ. తండ్రి పేరు రాయనిదే దరఖాస్తు చెల్లదనే నియమాన్ని అందరికీ తీసివేస్తే ఎవరినీ విడిగా చూపించవలసిన పని లేదు. వితంతువు కొడుకూ, భర్త విడిచిన స్త్రీ కూతురూ కూడా అదే బల్ల ముందు నిలబడతారు. అవివాహిత తల్లి తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డ జనన ధ్రువపత్రం పొందవచ్చునని 2015లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ఉన్నది.

అద్దె ఇంటికి హామీ మాత్రం గడి సవరణతో తీరేది కాదు. ఇంగ్లండులో కొన్ని కౌన్సిళ్ళు తాము పెంచిన యువకులకు తామే హామీదారులుగా సంతకం పెడుతున్నాయి. తండ్రి చేయవలసిన సంతకం అది. బార్డోలీ పురపాలక సంఘం గాని, మన తెనాలి, సిరిసిల్ల పురపాలక సంఘాలు గాని ఏడాదికి అటువంటి సంతకాలు ఎన్ని పెట్టవలసి వస్తుందో తెలుసుకోవాలంటే, జిల్లా బాలల రక్షణ విభాగం నుండి ఆ ఏడు పద్దెనిమిది నిండిన వారి సంఖ్యను, పేర్లు లేకుండా, తెప్పించుకుంటే సరిపోతుంది.