పచ్చబొట్టు: కళయా? కూడు పెట్టు వృత్తియా?

పదవ తరగతి విద్యార్థి యొకడు చిత్రలేఖనపు తరగతిలో మమ్ము ఒక ప్రశ్న యడిగెను: “పచ్చబొట్టు పొడుచువారిని చిత్రకారులనవచ్చునా?” తక్కిన పిల్లలందరు నవ్విరి. అడిగినవాడు మాత్రము నవ్వలేదు. అతని నోటుపుస్తకముల చివరి పుటలన్నియు నెమళ్లు, తీగెలు, చేతిమీద వేయదగిన గుర్తులతో నిండియుండును. కొన్నాళ్లకు అతని తండ్రి బడికి వచ్చెను. “అయ్యవారూ, వీడు సూది పట్టుకొని బతుకుతానంటాడు. ఇదేం చదువు? మీరన్నా బుద్ధి చెప్పండి” అని వాపోయెను. ఆనాడు మేమాయనకు తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ తండ్రికిని, ఆ కుమారునికిని కలిపి వ్రాయుచున్నాము.

మొదట ఆ మాటనే చూతము. మనము పచ్చబొట్టు అందుము. మన పొరుగున నున్న తమిళులు పొడుచుటను ‘పచ్చై కుత్తుదల్’ అందురు. కన్నడిగులు ‘హచ్చె’ యందురు. మన పాలు కన్నడమున హాలు, మన పులి హులి. పూర్వము మాట మొదట నుండిన పకారము ఆ భాషలో హకారముగా మారినది. కాబట్టి ఈ మూడును ఒక్క మాటయే. మూడు భాషలు కలిసి మెలసి యుండు ఈ హోసూరు సీమలో ఏ ఇంటి అవ్వ ముంజేయి చూచినను ఆ గురుతు కనబడుచుండెను. ఇప్పుడు అట్టి చేతులు తగ్గిపోవుచున్నవి.

లోపల పోయునది నల్లని మసి గదా, దానికి ‘పచ్చ’ యని పేరెట్లు వచ్చినది? ఇందులో చక్కని భౌతికశాస్త్రమున్నది. మసి చర్మపు పైపొర క్రింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున నిలుచును. వెలుగులోని ఎరుపు కిరణములు చర్మమును దాటి లోనికి పోయి ఆ మసిలో ఇంకిపోవును. నీలి కిరణములు అంత లోతునకు పోక, మీది చర్మముననే చెదరి మన కంటికి తిరిగివచ్చును. అందుచేత నల్లని మసి చేతిమీద నీలము, పచ్చన కలిసిన రంగుగా కనిపించును. మన పెద్దలు కంటికి కనబడినదానికే పేరు పెట్టిరి.

చర్మపు పైపొర సుమారు నెలకొకసారి రాలిపోయి క్రొత్తది వచ్చుచుండును. ఐనను బొమ్మ చెరగదు. కారణమేమనగా, సూది రంగును దాని క్రింది పొరలో వేయును. పరాయి పదార్థము లోనికి వచ్చినదని శరీరమును కాపాడు కణములు పరుగెత్తి వచ్చి ఆ రంగు రేణువులను మ్రింగును. మ్రింగినవి అరిగించుకొనలేవు. ఆ కణము చనిపోయినప్పుడు విడిపడిన రంగును ప్రక్కన పుట్టిన మరియొక కణము మ్రింగును. ఈ సంగతి 2018లో ఫ్రాన్సు దేశపు మార్సే నగర శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి చూపిరి. చిత్రకారుడు ఒక్కసారి గీసిన గీతను దేహమే జీవితాంతము చేతులు మార్చుకొనుచు మోయుచున్నదన్నమాట.

ఇక మన సీమలో ఈ పని చేసినవారెవరు? ఊరూర తిరిగి ఎరుక చెప్పు కొరవ స్త్రీలు. మదరాసు మ్యూజియమునకు సూపరింటెండెంటుగా నుండిన ఎడ్గార్ థర్‌స్టన్ ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో వారి పద్ధతిని వ్రాసియుంచెను. పసుపును, అవిసె ఆకును కలిపి నూరి, పలుచని గుడ్డమీద పూసి, దానిని వత్తిగా చుట్టి ఆముదపు ప్రమిదలో వెలిగించుదురు. దానిపై క్రొత్త కుండను బోర్లించుదురు. లోపల పట్టిన మసిని గీకి తీసి, చనుబాలతో గాని నీటితో గాని కలుపుదురు. కొన్ని సూదులను ఒక కట్టగా కట్టి పొడుచుదురు. తామర, తేలు, ముగ్గు, పేరు మొదలగునవి వారు వేయు బొమ్మలు.

ఆమె చేసిన పనిని కొంచెము తలపోయుడు. కాగితముమీద తప్పు గీసిన రబ్బరుతో చెరపవచ్చును. గోడమీద సున్నము కొట్టవచ్చును. ఆమెకు ఆ వసతి లేదు. గీయు తలము బల్లపరుపు కాదు, గుండ్రని ముంజేయి. అది కదులును, నెత్తురు చిమ్మును, ఒక్కొక్కప్పుడు ఏడ్చును గూడ. అట్టిచోట చుక్కల వరుస తప్పక ముగ్గు కుదిర్చిన చేయి సామాన్యమైనది కాదు. ఆమెకు ముట్టినది గింజలు, పాత చీర. ఆమెను చిత్రకారిణి యని ఎవ్వరును పిలువలేదు. మేము పిలుచుటకు సందేహింపము.

అట్టి పిలుపు ఒకచోట వచ్చినది. బిహారు రాష్ట్రమున మధుబని ప్రాంతపు గోడబొమ్మలు లోకప్రసిద్ధములు. దేవతల కథలను చిత్రించు ఆ సంప్రదాయము మొదట అగ్రవర్ణ స్త్రీలదిగా పేరొందెను. అచ్చటి దుసాధ కులపు దళిత స్త్రీలు 1970వ దశకమున మరియొక దారి పట్టిరి. తమ చేతులమీది పచ్చబొట్లనే కాగితముమీదికి దింపిరి. వరుసలు వరుసలుగా చిన్న చిన్న రూపములు, వలయములు. అక్కడ పచ్చబొట్టును ‘గోద్నా’ యందురు గనుక ఆ శైలికి గోద్నా చిత్రమని పేరు వచ్చినది. 2024లో ఆ శైలి చిత్రకారులైన శివన్ పాస్వాన్, శాంతిదేవి దంపతులకు భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చెను. గౌరవము కాగితముమీది గీతకు దక్కినది. దానికి మాతృక చర్మముమీది గీతయే.

చర్మముమీది గీతకు గౌరవము కావలెనన్న వివాదము న్యాయస్థానము దాక పోయినది జపానులో. ఆ దేశమున పచ్చబొట్టు గొప్ప కళ. కునియోషి యను చిత్రకారుడు 1827 ప్రాంతమున ఒక చైనా వీరగాథలోని యోధుల బొమ్మలను చెక్క అచ్చులతో ముద్రింపజేసెను. ఆ వీరుల వీపులమీది పచ్చబొట్లను జనులు మోజుతో తమ వీపులపై పొడిపించుకొనిరి. 1872లో ప్రభుత్వము దీనిని నిషేధించెను. 1948లో నిషేధము తొలగినను, నేరస్థుల ముఠాల గురుతను అపకీర్తి తొలగలేదు. 2001లో ఆరోగ్యశాఖవారు, సూదితో చర్మములో రంగు పోయుట వైద్యము క్రిందికి వచ్చునని ఉత్తరువు పంపిరి. వైద్యపట్టము లేనివారు పచ్చబొట్టు పొడుచుట నేరమని దాని యర్థము!

ఒసాకా ప్రాంతపు కళాకారుడు తైకి మసూదాపై 2015లో ఈ నేరము మోపబడెను. జరిమానా కట్టి ఊరకుండుమనిరి. అతడు ఒప్పుకొనక విచారణ కోరెను. 2017లో జిల్లా న్యాయస్థానము అతడు దోషియని లక్షా యాబదివేల యెన్నుల జరిమానా వేసెను. 2018లో పై న్యాయస్థానము నిర్దోషియని విడిచెను. 2020 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము దానినే స్థిరపరచెను. పచ్చబొట్టునకు అలంకారముగాను, కళగాను విలువ కలదనియు, దానికి వలయునది వైద్యమునకు భిన్నమైన చిత్రకళాజ్ఞానమనియు ఆ న్యాయస్థానము పలికెను. దక్షిణ కొరియాలో గూడ 1992 నుండి ఇట్టి చిక్కే యుండెను. అచ్చటి శాసనసభ 2025 సెప్టెంబరులో, వైద్యులు కానివారు అనుమతి పొంది ఈ వృత్తి చేసికొనుటకు చట్టము చేసినది.

ఆ విద్యార్థి ప్రశ్నకు ఇది యొక జవాబు. తండ్రి భయము ఇంతటితో తీరదు. తీరవలెనని మేము కోరము గూడ. ఆ భయములో న్యాయమున్నది.

మా బంధువుల యింటి కుర్రవాడొకడు తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిపించుకొనెను. అతనికి ముందు పదిమందికి వాడిన సూదియే అతనికిని వాడిరి. చేయి వాచి జ్వరము వచ్చినది. వాపు వారములో తగ్గెను గాని, రక్తపరీక్షల భయము ఇంటిల్లిపాదికి నెలల తరబడి నిద్ర లేకుండ చేసెను. కామెర్లు కలిగించు హెపటైటిస్ బి, సి క్రిములు, హెచ్.ఐ.వి. క్రిమి ఇట్టి సూదులవలన ప్రాకగలవు. అందుచేతనే ఈ వృత్తిలో చిత్రలేఖనమెంత ముఖ్యమో శుభ్రత అంత ముఖ్యము. సూది ఒక్కరికే వాడి పారవేయవలెను. రంగు ఒక్కరికి సరిపడు చిన్న గిన్నెలో విడిగా పోసికొనవలెను. మరల వాడు ఉపకరణములను 121 డిగ్రీల సెల్సియస్ వేడి ఆవిరిలో ఒత్తిడితో శుద్ధి చేయవలెను. తొడిగిన చేజోళ్లతో టెలిఫోను ముట్టినవాడు వాటిని మార్చి గాని మరల చర్మము ముట్టరాదు. ఈ నియమములు విసుగని తోచువాడు ఈ దారికి రాకుండుటయే మేలు.

పొడిపించుకొన దలచు పిల్లలకు ఒక మాట. మంచి కళాకారులు పదునెనిమిదేండ్లు నిండనివారికి పొడుచుటకు ఒప్పుకొనరు. సైన్యములో చేరగోరువారు మరియు జాగ్రత్త వహింపవలెను: సైన్యపు నియమముల ప్రకారము మోచేతి లోపలి నుండి మణికట్టు వరకు ముంజేతి లోపలి భాగమునను, అరచేతి వెనుక భాగమునను తప్ప, తక్కినచోట్ల శాశ్వతమైన పచ్చబొట్టు పనికిరాదు, గిరిజనులకు వారి ఆచారమునుబట్టి సడలింపు కలదు. లేజరుతో చెరపవచ్చునందురు గాని అది పలుమార్లు చేయవలసినది, నొప్పి, ఖర్చు గలది.

సూదుల యంత్రము వచ్చిన పిమ్మట పని వేగవంతమైనది. ఎడిసన్ కనిపెట్టిన విద్యుత్ కలము వంటి సాధనము ఆధారముగా 1891లో న్యూయార్కు నగరమున శామ్యూల్ ఓరైలీ దీనికి పేటెంటు పొందెను. యంత్రము చేతికి వచ్చినంత మాత్రమున చిత్రము రాదు. ఈ విద్య నేటికిని గురువువద్దనే నేర్చుకొనవలెను. మొదటి నెలలు కాగితము, పెన్సిలు, ఊడ్చు పని. తరువాత కృత్రిమ చర్మముమీద అభ్యాసము. మనిషి చర్మము చాల కాలమునకు గాని లభింపదు. ఆ కాలమున జీతముండదు; ఉన్నను స్వల్పము. పేరు వచ్చినవారు పట్టణములలో బాగుగ సంపాదించుదురు, అందరికిని పేరు రాదు. తండ్రికి ఈ రెండును చెప్పవలెను.

కాబట్టి మేము చెప్పునదేమనగా, ముందు చిత్రలేఖనము నేర్వవలెను, సూది తరువాత. చిత్రము వచ్చినవానికి సూది దక్కకున్నను అచ్చు, వస్త్రముల నమూనాలు, సినిమా, ప్రకటనలు మిగిలియుండును. 1850లో స్థాపింపబడిన చెన్నై చిత్రకళాశాల, కుంభకోణపు కళాశాల, బెంగుళూరు చిత్రకళా పరిషత్తు, ముంబైలోని జె. జె. పాఠశాల, హైదరాబాదులోని జవాహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము – ఇవి మన పిల్లలకు తెరచియున్న ద్వారములు. పన్నెండవ తరగతి తరువాత నాలుగేండ్ల చదువు. దామెర్ల రామారావు ఆ ముంబై పాఠశాలలో చదివినవాడే. ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినవాడు రాజమహేంద్రవరపు కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. పుస్తకపు అంచులలోని బొమ్మలను చూచి కోపపడు ఉపాధ్యాయులలో మేమును ఒకప్పుడు చేరినవారమే గనుక ఈ సంగతి వ్రాయుచున్నాము.

మన బడి పిల్లలకు మరియొక మేలు కలదు. దానిని ఎవ్వరును లెక్కింపరు. పచ్చబొట్టు కోరువారిలో ఎక్కువమంది కోరునది పేరు. తల్లి పేరో, బిడ్డ పేరో. పట్టణపు కళాకారునికి తెలుగు రానిచో టెలిఫోనులో కనబడిన అక్షరములను చూచి బొమ్మవలె దింపును. తలకట్టు తప్పును, వత్తు వేరొక అక్షరము క్రిందికి జారును, దీర్ఘము మాయమగును. పుస్తకములో అచ్చుతప్పు పడిన తరువాతి ముద్రణలో దిద్దుకొనవచ్చును. ముంజేతికి రెండవ ముద్రణ లేదు! తెలుగు, తమిళము, కన్నడము, ఇంగ్లీషు – నాలుగు లిపులను తప్పులేక వ్రాయనేర్చిన హోసూరు పిల్లవానికి ఈ పనిలో ఎదురుండదు. అక్షరము గూడ చిత్రమేయని చూపినవాడు బాపు. ఆయన మదరాసులో పెరిగి, 1955లో న్యాయశాస్త్రపట్టము పొంది, వకీలు కాక చిత్రకారుడాయెను. ఆయన చేతివ్రాత నేడు కంప్యూటరులో అక్షరరూపముగా నిలిచియున్నది. ఇంట తెలుగు మాటాడి, బడిలో తెలుగు ఎందులకని అడుగు తల్లిదండ్రులు కొందరున్నారు. వారు ఈ సంగతి గూడ లెక్కకు తీసికొందురుగాక.

ఆ తండ్రి మరల వచ్చినప్పుడు ఇవన్నియు చెప్పితిమి. ఆయన ఏమియు పలుకక చొక్కా చేయి పైకి మడిచెను. ముంజేతిమీద ఆయన తల్లి పేరు, తెలుగులో. ఆయన చిన్ననాట ఎరుక చెప్పు స్త్రీ పొడిచినదట. ఆమెకు చదువు రాదు. ఎవరో చీటిమీద వ్రాసియిచ్చిన దానిని చూచి దింపినదట. వత్తు కొంచెము ప్రక్కకు ఒరిగినది, ఐనను చక్కగా చదువ వీలున్నది. “వాడు దీన్ని చూసి చూసి గీస్తానే ఉంటాడు” అనెను. అవునని గాని కాదని గాని ఆయన ఇంకను తేల్చలేదు.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ ఊరి అవ్వల చేతులమీది పచ్చబొట్లను వారి యనుమతితో కాగితముమీద గీసికొని రండు. ఫోటో వలదు, చేతితోనే గీయుడు. ప్రక్కన అవ్వ వయస్సు, పొడిచినప్పుడు ఆమెకెన్ని యేండ్లు, ఎవరు పొడిచిరి, కూలి ఏమి ఇచ్చిరి, ఆ బొమ్మకు ఏ భాషలో ఏమి పేరు – ఇవి వ్రాయుడు. పేర్లు వ్రాయనక్కరలేదు. అందినవాటిని వచ్చు సంచికలో అచ్చువేయుదుము.