ట్రానెక్సామిక్ ఆమ్లము

ట్రానెక్సామిక్ ఆమ్లము రక్తస్రావమును తగ్గించుటకు వాడే ఔషధము. ప్రమాదములలో గాయపడి రక్తము కోల్పోతున్నవారికి, కాన్పు తరువాత అధిక రక్తస్రావమయ్యే స్త్రీలకు దీనిని అత్యవసర చికిత్సలో భాగముగా సిరలోనికి ఎక్కిస్తారు. ఎంత త్వరగా ఇస్తే అంత ఎక్కువ మేలు జరుగుతుందని 2010 తరువాతి పరిశోధనలు తెలిపాయి.

పని చేయు విధానము

గాయమైన చోట ఫైబ్రిన్ అనే మాంసకృత్తు పోగులు వలవలె అల్లుకొని రక్తపు గడ్డను నిలబెడతాయి. ప్లాస్మిన్ అనే ఎంజైము ఆ పోగులను కరిగిస్తుంది. ఇది సహజమైన ప్రక్రియయే అయినా, పెద్ద గాయములలో మితిమీరి రక్తము ఆగకుండా కారుతుంది. ప్లాస్మిన్‌కు మూలపదార్థమైన ప్లాస్మినోజెన్, ఫైబ్రిన్‌లో ఉండే లైసిన్‌ను పట్టుకొని దానికి అంటుకుంటుంది. లైసిన్‌ను పోలిన ట్రానెక్సామిక్ ఆమ్లము ప్లాస్మినోజెన్‌లోని ఆ స్థానమును ముందే ఆక్రమిస్తుంది. అనగా ఈ మందు కొత్తగా గడ్డ కట్టించదు, కట్టిన గడ్డను కరగనీయదు.

చరిత్ర

జపాను శాస్త్రవేత్తలైన ఉతాకో ఒకామోటో, షోసుకే ఒకామోటో దంపతులు దీనిని కనుగొని 1962లో ప్రకటించారు. చాలాకాలము దీనిని శస్త్రచికిత్సలలోను, అధిక ఋతుస్రావమునకును వాడారు.

పరిశోధనలు

* క్రాష్-2 (2010): భారతదేశముతో సహా 40 దేశములలోని 274 ఆసుపత్రులలో 20,211 మంది క్షతగాత్రులపై జరిగినది. మరణములు 16.0 శాతము నుండి 14.5 శాతమునకు తగ్గాయి. గాయమైన గంటలోపు మందు ఇచ్చినవారిలో రక్తస్రావ మరణములు 7.7 నుండి 5.3 శాతమునకు తగ్గగా, 3 గంటలు దాటిన తరువాత ఇచ్చినవారిలో 3.1 నుండి 4.4 శాతమునకు పెరిగాయి.
* ఉమన్ (2017): కాన్పు తరువాత రక్తస్రావమైన 20,060 మంది స్త్రీలపై జరిగినది. 3 గంటలలోపు ఇచ్చినపుడు రక్తస్రావ మరణములు 1.7 నుండి 1.2 శాతమునకు తగ్గాయి.
* హాల్ట్-ఇట్ (2020): జీర్ణాశయము, ప్రేగులలో రక్తస్రావమైన 12,009 మందిపై జరిగినది. మరణములు తగ్గలేదు. పైగా సిరలలో గడ్డలు, మూర్ఛలు కొంత పెరిగాయి.

మొదటి రెండు పరిశోధనలలోని సుమారు 40 వేల మంది వివరములను కలిపి విశ్లేషించగా, 3 గంటల వరకు ప్రతి 15 నిమిషముల ఆలస్యమునకు ప్రయోజనము సుమారు 10 శాతము తగ్గుతున్నదని 2018లో వెల్లడైనది. కాన్పు తరువాతి రక్తస్రావమునకు దీనిని 3 గంటలలోపే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించినది.

రోగి భద్రత

సిజేరియన్ కాన్పులో వెన్నులోనికి ఇచ్చే బుపివకైన్ అనే మత్తుమందు, ఈ మందు రెండూ ఒకే గదిలో అవసరమవుతాయి. కొన్ని తయారీలలో వీటి ఆంప్యూళ్ళు ఒకేలా కనబడతాయి. పొరపాటున ట్రానెక్సామిక్ ఆమ్లమును వెన్నులోనికి ఎక్కిస్తే తీవ్రమైన నొప్పి, మూర్ఛలు, గుండె లయ తప్పుట సంభవించి ప్రాణము పోవచ్చును. ఇటువంటి మరణముల దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో హెచ్చరిక జారీ చేసినది. ఈ మందును మత్తుమందుల బల్లపై గాక వేరుగా, వీలైతే శస్త్రచికిత్స గది వెలుపల ఉంచాలి. సిరంజిలోనికి తీయుటకు ముందు ఆంప్యూల్‌పై పేరు తప్పక చదవాలి. అయితే వేరుగా ఉంచిన మందు అవసరమైనపుడు వెంటనే చేతికి అందేలా కూడా ఉండాలి.