మెల్లగా సాగవలసిన నది



సముద్రము మీద పడవ నడిపేవారికి గాలి కావాలి. ఆ గాలి మితిమీరినప్పుడు తలదాచుకొనే చోటు కూడా కావాలి. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపపు పడమటి తీరములో అటువంటి చోటు ఒకటి ఉన్నది. దాని పేరు మెక్వారీ హార్బర్. దక్షిణ అమెరికా దాటి వచ్చే పడమటి గాలులకు అక్కడి వరకు అడ్డుపడే నేల లేదు. అందుచేత ఆ తీరములో అలలు కొండలవలె లేస్తాయి. రేవు లోపల మాత్రము సుమారు 300 చదరపు కిలోమీటర్ల నీరు, చుట్టూ కొండలు, అడవులు.

అయితే లోపలికి దారి ఇరుకు, లోతు తక్కువ. వర్షాలు కురిస్తే నదుల నీరంతా ఆ సందులోనుండే బయటికి ఉరుకుతుంది. తెరచాప పడవలలో, అంటే యాట్‌లలో వచ్చేవారు గాలిని, అలలను, ప్రవాహమును చూచుకొని సమయము కొరకు కనిపెట్టాలి. తొందరపడినవారికి అక్కడ క్షేమము లేదు.

ఆ సందు పేరు హెల్స్ గేట్స్, అనగా నరక ద్వారములు. ఆశ్రయమిచ్చే రేవుకు ఈ పేరెందుకు? 1822లో బ్రిటిష్ ప్రభుత్వము రేవులోని సారా ద్వీపములో ఖైదీల శిబిరము పెట్టింది. ఒకసారి శిక్షపడి వచ్చి, మరల నేరము చేసినవారిని అక్కడికి పంపేవారు. సంకెళ్లతో, చన్నీళ్లలో నిలబడి వారు దుంగలు లాగారు. కొరడా దెబ్బలు తిన్నారు. ఈ పేరు ఖైదీలు పెట్టినదేనని చెబుతారు. 1828 నుండి 1832 వరకు విలియం స్కోఫీల్డ్ అనే మెథడిస్టు బోధకుడు వారి మధ్య ఉండి పరిచర్య చేశారు. 1833లో శిబిరము మూతపడింది. చూడండి, నీరు అదే, కొండలు అవే. ఆ చోటును నరకము చేసినది మనుష్యుడే.

ఆ ఖైదీలు నరికినది హ్యూన్ పైన్ అనే చెట్టు. లెబానోను దేవదారును గూర్చి మనము ఎంతో విన్నాము. ఈ చెట్టు కూడా సామాన్యమైనది కాదు. దీని మాను ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే లావెక్కుతుంది, కాని రెండు వేల ఏండ్లకు పైగా బ్రతుకుతుంది. కలపలోని నూనె వలన పురుగు పట్టదు, నీటిలో నానినా త్వరగా కుళ్లదు. అందుకే ఓడలు కట్టేవారు దీనిని కోరుకున్నారు.

రేవు ఆగ్నేయ కొసన గోర్డన్ నది వచ్చి కలుస్తుంది. గడ్డి, ఆకులు ఊరిన నీరు గనుక పాలు పోయని టీ రంగులో ఉంటుంది. గాలి లేని ఉదయమున ఆ నల్లని నీటిలో చెట్లు తలక్రిందులుగా, కొమ్మ కొమ్మతో సహా కనబడతాయి. యాట్‌లు దాదాపు 30 కిలోమీటర్లు లోపలికి పోగలవు. ఇంకా పైన ఆనకట్ట కట్టబోతే ప్రజలు పడవలతో అడ్డుపడ్డారు. 1,200 మందికి పైగా అరెస్టయ్యారు. 1982లో ఆ అడవి ప్రపంచ వారసత్వ ప్రాంతమయినది. 1983 జూలై 1న ఆస్ట్రేలియా హైకోర్టు తీర్పుతో ఆనకట్ట ఆగిపోయింది.

నది బ్రతికింది. అయితే మరొక అపాయము వచ్చింది. ఆ అందము చూడవచ్చిన జనమును ఎక్కించుకొని పెద్ద పడవలు వేగముగా తిరిగాయి. వాటి వెనుక లేచిన అలలు ఒడ్డును కొట్టి, మట్టిని కోసివేశాయి. వేల ఏండ్లుగా పేరుకొన్న ఒడ్డు జారిపోయి, చెట్లు నదిలో ఒరిగాయి. కాలువ గట్టు ఎలా కోసుకుపోతుందో మన రైతులకు చెప్పనక్కరలేదు. చివరకు అధికారులు వేగమునకు హద్దు పెట్టారు, పెద్ద పడవలను నది పై భాగమునకు పోనివ్వకుండా ఆపారు.

గొడ్డలి పట్టినవాడు చెట్టును నరకడానికే వచ్చాడు. ఈ పడవలవారు దానిని ప్రేమించి వచ్చారు. అయినా నష్టము కలిగింది. వారు ముందుకే చూచారు గాని, వెనుక లేచే అలను చూడలేదు.

మన ఇండ్లలోను ఇంతే కాదా? పిల్లల మేలు కోరే తండ్రి తొందరలో ఒక మాట అంటాడు. ఆయన పొలానికి వెళ్లిపోతాడు. ఆ మాట లేపిన అల మాత్రము ఇంటిలో చాలాసేపు కొడుతూనే ఉంటుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగే చెట్టు పక్కగా వెళ్లేటప్పుడు మెల్లగా వెళ్లాలి. పెరుగుచున్న బిడ్డ పక్కగా వెళ్లేటప్పుడు కూడా.