ఒక్క రికార్డే తెచ్చుకోవాలంటే

మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలుంటే అరీతా ఫ్రాంక్లిన్ అన్న పేరు ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడే ఉంటుంది. అమెరికాలో నల్లవారి ‘సోల్’ సంగీతానికి మహారాణి అని ఆవిడకి పేరు. 2018 ఆగస్టు 16న, తన 76వ ఏట కన్నుమూశారు. ఆవిడ పాడిన ఆల్బములు ముప్పైకి పైగా ఉన్నాయి. అన్నీ కూర్చుని వినడానికి మనకి తీరిక ఎక్కడిది చెప్పండి? పొద్దున్న పాలు కాగబెట్టడంతో మొదలైతే రాత్రి గిన్నెలు బోర్లించేదాకా సరిపోతుంది. అందుకని ఇవాళ ఒక్క సంగతే మాట్లాడుకుందాం. ఆవిడ రికార్డుల్లో ఒకే ఒక్కటి తెచ్చుకోవాలంటే ఏది తెచ్చుకోవాలి?

దుకాణానికి వెళ్ళినా, ఫోనులో వెతికినా ముందు కనబడేది ‘మేలిమి పాటల’ సంకలనం. పేరుపడ్డ ఇరవై పాటలు ఏరి ఒకచోట గుచ్చుతారు. చవకగా ఉంటుంది, అన్నీ తెలిసిన పాటలే ఉంటాయి. అయినా వద్దంటాను. కచేరీలో వర్ణం దగ్గర లేకుండా, రాగం తానం పల్లవి దగ్గర లేకుండా, చివర తుక్కడాలకి మాత్రం వెళ్ళి కూర్చున్నట్టు ఉంటుంది. పాటలు చెవికి ఇంపుగానే ఉంటాయి గాని మనిషి తెలియదు. 1961 నాటి పాట పక్కనే 1985 నాటి పాట పెడితే ఆ గొంతు ఎక్కణ్ణించి ఎక్కడికి నడిచి వచ్చిందో మనకెలా తెలుస్తుంది? ఆల్బమ్ అంటే ఒక కాలంలో, ఒక ఊపులో, వరస ఆలోచించి పాడిన పాటలు. నా కొలత ఏమిటంటే, ఏది వినకపోతే మిగతావి అర్థం కావో అదే ముఖ్యమైన రికార్డు. ఎక్కువ అమ్ముడైనదే అది కానక్కర్లేదు.

‘సోల్’ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుని ముందుకు పోదాం. అమెరికాలో నల్లవారి చర్చిలో పాట పాడే తీరు వేరు. ఒకరు ఎత్తుకుంటారు, వెనక బృందం అందుకుంటుంది, మధ్యలో వింటున్నవాళ్ళు కూడా గొంతు కలుపుతారు, చప్పట్లు కొడతారు. మన బుర్రకథలో కథకుడికి వంతలు అందుకోవడం, భజనలో గురువు గారన్న మాట పదిమందీ తిప్పి అనడం మనకి తెలిసినవే కదా. ఆ మాదిరే. ఆ భక్తిపాటల్ని గాస్పెల్ అంటారు. 1950ల్లో రే చార్లెస్, సామ్ కుక్ వంటివారు అదే బాణీలో ప్రేమ గురించీ, కష్టం గురించీ పాడటం మొదలుపెట్టారు. దేవుడికి వాడిన గొంతు మనుషులకి వాడారన్నమాట. చర్చి పెద్దలు కొందరు కోప్పడ్డారు. సోల్ అలా పుట్టింది.

అరీతా చర్చిలోనే పెరిగింది. 1942లో మెంఫిస్‌లో పుట్టింది, పెరిగింది డెట్రాయిట్‌లో. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ పేరుమోసిన ప్రసంగీకుడు. ఆయన ప్రసంగాలు రికార్డులుగా వచ్చి దేశమంతా అమ్ముడయ్యేవి. మార్టిన్ లూథర్ కింగ్‌కి స్నేహితుడు. మహాలియా జాక్సన్, క్లారా వార్డ్ వంటి పెద్ద గాయనులు ఇంటికి వచ్చిపోయేవారు. ఇంత చెబితే బంగారు బాల్యం అనిపిస్తుంది. కాని పిల్లకి పదేళ్ళు నిండకముందే తల్లి పోయింది. పదిహేనేళ్ళు నిండకముందే తనే ఇద్దరు బిడ్డల తల్లి అయింది. ఆ బిడ్డల్ని నాయనమ్మ చూసుకుంటుంటే తను పాటలకి వెళ్ళేది. పియానో ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విని పట్టుకుంది. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి, పియానో మాట మళ్ళీ వస్తుంది.

పద్ధెనిమిదేళ్ళప్పుడు, 1960లో, కొలంబియా అనే పెద్ద కంపెనీ ఆవిడని తీసుకుంది. అక్కడ ఆరేళ్ళుంది. చెడ్డవాళ్ళేం కాదు, గొంతు గొప్పదని వాళ్ళకి తెలుసు. కాని ఆ గొంతుని ఏం చెయ్యాలో తెలియలేదు. ఒకసారి జాజ్ పాడించారు, ఒకసారి నాటకాల పాటలు, ఒకసారి వెనక వయొలిన్‌ల దండు పెట్టి మెత్తటి పాటలు. విని చూడండి, ఎక్కడా అపశ్రుతి ఉండదు. అయినా ఒకరింట్లో, ఒకరు సర్దిన సామాను మధ్య జాగ్రత్తగా కూర్చున్న మనిషిలా ఉంటుంది పాట. మొత్తం ఆరేళ్ళలో నలుగురి నోటా పడ్డ పాట ఒకటో రెండో.

1966 చివర ఆవిడ అట్లాంటిక్ కంపెనీకి మారింది. అక్కడ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ చేసిన పని చూస్తే ఏమంత కష్టమైనది కాదు. ఆవిడని పియానో ముందు కూర్చోబెట్టాడు. నీ పాట నువ్వే వాయించుకుంటూ పాడమన్నాడు, అంతే. 1967 జనవరిలో అలబామా రాష్ట్రంలో మజిల్ షోల్స్ అనే చిన్న ఊళ్ళో, రిక్ హాల్ అనే ఆయన స్టూడియోకి తీసుకువెళ్ళాడు. నల్లవారి పట్ల వివక్షకి ఆ రోజుల్లో పేరుపడ్డ రాష్ట్రం అది. స్టూడియోలో వాయించేవాళ్ళందరూ తెల్ల కుర్రాళ్ళు. మొదట ఏం వాయించాలో తోచక తడుముకున్నారట. అప్పుడు స్పూనర్ ఓల్డ్‌హామ్ అనే అబ్బాయి ఎలక్ట్రిక్ పియానో మీద ఒక చిన్న పలుకు వాయించాడు. దాన్ని పట్టుకుని మిగతావాళ్ళు, వాళ్ళ మీదుగా ఆవిడ. ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్’ పాట అలా పుట్టింది. ఇవాళ విన్నా ఆ మొదటి పలుకు వినబడగానే గదిలో గాలి మారినట్టుంటుంది.

వారం రోజులు ఉందామని వెళ్ళినవాళ్ళు ఒక్క రోజులోనే తిరిగి వచ్చేశారు. వాయించేవారిలో ఒకరికీ, ఆవిడ భర్త టెడ్ వైట్‌కీ మాటా మాటా పెరిగింది. రాత్రి హోటల్లో అది రిక్ హాల్‌తో పోట్లాటగా ముదిరింది. తెల్లారేసరికి అంతా చెదిరిపోయింది. చేతిలో ఒక్క పాట పూర్తిగా ఉంది, రెండోది సగంలో ఉంది. వెక్స్‌లర్ ఆ ఒక్క పాటనే నకళ్ళు తీసి రేడియోవాళ్ళకి పంపాడు. జనం రికార్డు ఏదంటూ అడగడం మొదలుపెట్టారు. రికార్డుకి రెండోవైపు పాట లేదు! చివరికి న్యూయార్కులో అరీతా తన అక్క ఎర్మా, చెల్లెలు కారొలిన్‌లతో కలిసి కూర్చుంది. పియానో తనే, ఆర్గన్ తనే, వంతపాట అక్కచెల్లెళ్ళదే. ఆ సగం పాట, ‘డూ రైట్ వుమన్’, అలా పూర్తయింది. మజిల్ షోల్స్ కుర్రాళ్ళని న్యూయార్కుకి రప్పించి మిగతావి కూడా ముగించారు. 1967 మార్చిలో ఆల్బమ్ వచ్చింది. దాని పేరు కూడా ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్ ది వే ఐ లవ్ యూ’. నేను తెచ్చుకోమనేది ఇదే.

అందులో మొదటి పాట ‘రెస్పెక్ట్’. ఇది ఆవిడ పాట కాదు. ఓటిస్ రెడింగ్ అనే గాయకుడు రాసి 1965లో పాడాడు. అతని పాటలో మగవాడు అలిసిపోయి ఇంటికి వస్తాడు. సంపాదించి పెడుతున్నాను కాబట్టి ఇంట్లో నాకు మర్యాద దక్కాలంటాడు. అదే పాటని అరీతా తిరగేసింది. ఇంట్లో ఉన్న ఆడమనిషి ఆ మాట అడుగుతుంది. అడగడం కూడా కాదు, ఆ ఇంగ్లీషు మాటలోని ఏడక్షరాలూ ఒక్కొక్కటే విడదీసి, బడిలో పిల్లలకి చెప్పినట్టు చెబుతుంది. ఆ అక్షరాల ముక్క ఓటిస్ పాటలో లేదు. వెనక ఎర్మా, కారొలిన్ అందుకునే తీరు వినండి, అచ్చం వంతలే. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఒక్క మాట మీద నిలబడితే ఎలా ఉంటుందో మనకెవరూ చెప్పక్కర్లేదు కదా! ఆ జూన్‌లో అమెరికా పాటల పట్టికలో అది మొదటి స్థానానికి వెళ్ళింది. హక్కుల కోసం పోరాడుతున్న నల్లవాళ్ళు తమ పాట అన్నారు, స్త్రీల ఉద్యమంవాళ్ళు తమ పాట అన్నారు. 2021లో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక ఎంచిన ఐదువందల పాటల్లో మొదటిది ఇదే.

రేడియోతో నాకున్న సంబంధం వల్ల ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికా చట్టం ప్రకారం మామూలు రేడియోలో పాట వేసినప్పుడు డబ్బు రాసినవారికి వెళుతుంది, పాడినవారికి వెళ్ళదు. పాట రాసినట్టు ఓటిస్ పేరే ఉంది. అంచేత ‘రెస్పెక్ట్’ అక్కడి రేడియోలో ఎన్ని లక్షలసార్లు మోగినా, ఆ పాటని అలా మార్చిన ఆడమనిషికి దాని మీద రేడియో నుంచి పైసా రాలేదు. మర్యాద గురించిన పాట మరి!

ఆల్బములో మొత్తం పదకొండు పాటలు. కూర తరిగి, కుక్కరు దించేలోపు అయిపోతాయి, అరగంట పైన రెండు మూడు నిమిషాలు అంతే. నాలుగు పాటల్లో రాసినవారిగా ఆవిడ పేరుంది. వాటిలో ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ తప్పకుండా వినండి. పియానో ఆవిడదే, నిదానంగా, చర్చిలో ప్రార్థనకి ముందు వాయించినట్టు మొదలవుతుంది. మాటలు మాత్రం ప్రార్థన కావు, కొంచెం చనువైన పాట. పక్కన అత్తగారుంటే, ఆవిడకి ఇంగ్లీషు రాకపోతే మరీ మంచిది. చివరి పాట ‘ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్’. రాసిన సామ్ కుక్ 1964 డిసెంబరులో తుపాకీ గుండుకి బలైపోయాడు. చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి పాటని, ఆయన పోయిన రెండేళ్ళకి, ఏ ఆర్భాటం లేకుండా పాడిందావిడ. ‘రెస్పెక్ట్’తో మొదలై దీనితో ముగియడంలోనే ఈ రికార్డు వరస ఉంది. సంకలనంలో దొరకనిది ఇదే.

తరవాత 1968లో వచ్చిన ‘లేడీ సోల్’ కూడా మంచిదే. ‘నాచురల్ వుమన్’ పాట అందులోదే. ఆ పాట రాసినవారిలో ఒకరు కేరొల్ కింగ్. 2015లో ఆవిడకి వాషింగ్టన్‌లో సన్మానం జరిగినప్పుడు, 73 ఏళ్ళ అరీతా పియానో దగ్గర కూర్చుని మొదలుపెట్టి, లేచి వచ్చి, తొడుక్కున్న బొచ్చు కోటు కింద పడేసి పాట పూర్తిచేసింది. అధ్యక్షుడు ఒబామా కళ్ళు తుడుచుకున్నారు. ఆ దృశ్యం ఫోనులో దొరుకుతుంది, పిల్లల్ని చూపించమనండి.

ఇక తెలిసినవాళ్ళు నాతో పోట్లాడేది ‘అమేజింగ్ గ్రేస్’ దగ్గర. 1972 జనవరి 13, 14 తేదీల్లో లాస్ ఏంజిలిస్‌లో ఒక చర్చిలో రెండు రాత్రులు పాడిన భక్తిపాటలు. అదొక పాత సినిమా హాలు, చర్చిగా మార్చారు. జేమ్స్ క్లీవ్‌లాండ్ అనే ప్రసంగీకుడు పియానో దగ్గర, వెనక బృందగానం. రెండోరాత్రి తండ్రి వచ్చి మాట్లాడారు, చిన్నప్పుడు ఇంటికి వచ్చిపోయిన క్లారా వార్డ్ వచ్చి కూర్చున్నారు. ఆవిడ రికార్డులన్నిటిలోకి ఎక్కువ అమ్ముడైనది ఇదే, ఒక్క అమెరికాలోనే ఇరవై లక్షలకి పైగా. ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసల్ని తరలించే ఓడలకి కప్తాను. ఆ బానిసల వంశంలో పుట్టిన మనిషి దాన్ని పది నిమిషాలకి పైగా, ఒక్కొక్క మాటనీ మన ఆలాపనలా సాగదీసి పాడుతుంటే బృందంలోవాళ్ళే కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ రెండు రాత్రులూ సిడ్నీ పొలాక్ సినిమా తీశాడు గాని, షాటుకి ముందు కొట్టే పలక కొట్టించలేదు. దాంతో బొమ్మకీ పాటకీ లంకె కుదరక డబ్బాల్లో పడి ఉంది. తరవాత కంప్యూటర్లతో కుదిర్చినా అరీతా ప్రదర్శనకి ఒప్పుకోక కోర్టుకి వెళ్ళింది. ఆవిడ పోయాకే, 2018 చివర, జనం చూశారు.

మరి దాన్నే మొదట ఎందుకు వినకూడదు? అది పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల పాట. ఆ రాత్రి చర్చిలో ఉన్నవాళ్ళకి ఆ పిల్ల ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో తెలుసు. 1969లో భర్తతో విడిపోయిందనీ తెలుసు, లోకమంతా ఆ గొంతుకి దణ్ణం పెట్టిందనీ తెలుసు. అందుకే ఆవిడ నోరు విప్పగానే వాళ్ళు అలా కేకలు వేశారు. కాపురం సంగతి తెలియని మనం ఆ గుమ్మంలో నిలబడితే, గొంతు బాగుందని మాత్రం అనుకుంటాం. 1967 నాటి రికార్డు ఒక నెల రోజులు వినండి. ఆ తరవాత దీనికి రండి. చివరి పాట ‘నెవర్ గ్రో ఓల్డ్’లో ఆవిడ మళ్ళీ పియానో ముందు కూర్చుంటుంది. ఆ చేతులు మీకు తెలిసిన చేతుల్లాగే ఉంటాయి.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. 1967 ఆల్బమ్ తరవాతి ముద్రణల్లో కొన్నిటికి చివర అదనంగా పాటలు తగిలించారు. పదకొండో పాట కాగానే ఆపేయండి. ఫోనులో వింటే పాటల వరస తారుమారు చేసే మీట ఒకటుంటుంది, అది తీసేసి ఉందో లేదో పిల్లల చేత ముందే చూపించుకోండి.