తఖ్తె జంషీద్ రాతిమెట్లపై కప్పం కథ

ఇరాన్‌లోని షీరాజ్ నగరానికి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో తఖ్తె జంషీద్ శిథిలాలున్నాయి. జంషీద్ బాద్షా పేరు జనం తర్వాత పెట్టుకున్నదే. క్రీ.పూ. 518 ప్రాంతంలో దీన్ని కట్టడం మొదలుపెట్టింది మొదటి డేరియస్. ఫార్సీలో దారియూష్ అంటారు. గ్రీకులు పెట్టిన పేరు పెర్సెపొలిస్.

ఇక్కడి దర్బారు భవనం 'అపదాన'కు ఎక్కే మెట్ల గోడలపై 23 దేశాల బృందాలు వరసగా నడుస్తూ కనిపిస్తాయి. ఏలాం వాళ్లు ఆడసింహాన్ని తెస్తున్నారు. దాని రెండు పిల్లల్ని వెనక మనుషులు ఎత్తుకుంటే, అది తల తిప్పి వాటినే చూస్తోంది. అరబ్బులు ఒంటెను, బాబిలోన్ వాళ్లు మూపురమున్న ఎద్దును తోలుకొస్తున్నారు. మన సింధు ప్రాంతం వాళ్లూ ఉన్నారు. ఒంటిమీద చొక్కా లేదు, నడుముకు పంచె, భుజాన కావడి. ఆ కావడిలో ఉన్నది బంగారు రజను అయ్యుంటుందని పండితుల అభిప్రాయం. హిందూ ప్రాంతం ఏటా 360 టాలెంట్ల బంగారు రజను చెల్లించేదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు మరి.

ఇంత పెద్ద ఊరేగింపులో కొరడా లేదు, సంకెళ్లు లేవు. ప్రతి బృంద నాయకుడి చెయ్యి పట్టుకుని ఒక దర్బారు ఉద్యోగి ముందుకు నడిపిస్తాడు, ఇంటికొచ్చిన మెహమాన్‌ను తీసుకెళ్లినట్టు.

అదే డేరియస్ అంతకు కొన్నేళ్ల ముందు బీసుతూన్ కొండమీద చెక్కించిన బొమ్మ వేరు. అక్కడ ఓడిన శత్రువు రాజు కాలికింద పడున్నాడు. తిరగబడిన వాళ్లు చేతులు వెనక్కి విరిచి, మెడలకు తాడుతో వరసగా నిలబడ్డారు. తిరుగుబాట్లు అణిచాక చెప్పాల్సిన మాట అది. రాజ్యం నిలబడ్డాక కావాల్సింది ఇంకో మాట: అందరూ ఇష్టపడే ఇస్తున్నారని.

నిజంగా ఇష్టపడే ఇచ్చారా? కొందరు పండితులు ఇవి పన్నులు కావు, నజరానాలు అంటారు. కానీ డేరియస్ సమాధి శాసనంలో ఈ దేశాలు తనకు 'బాజి' తెచ్చాయని స్పష్టంగా ఉంది. ఉర్దూలో కప్పానికి వాడే 'బాజ్' ఆ మాట నుంచి వచ్చిందే. ఇవ్వనంటే ఏమవుతుందో బీసుతూన్ చెబుతుంది కాబట్టి, ఆ పట్టుకున్న చేతిని మర్యాద ఒక్కటే అనుకోలేం.

క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ సైన్యం ఈ భవనాలను తగలబెట్టింది. తూర్పు మెట్లు మట్టికింద కూరుకుపోయి, 1930లలో తవ్వకాల్లో బయటపడ్డాయి. అందుకే ఆ బొమ్మలు అంత చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొదట ఈ మెట్ల మధ్యలో సింహాసనంపై కూర్చున్న రాజు శిల్పం ఉండేది. దాన్ని ప్రాచీన కాలంలోనే తీసి ఖజానా భవనంలో పెట్టారు. ఇప్పుడు అక్కడ ఎదురెదురుగా నిలబడిన కాపలా సిపాయిలే కనిపిస్తారు.