మడ్డి వీడితేనే తేట

జంషెడ్‌పూర్‌ చుట్టుపక్కల సంతలలో ఆదివాసీ స్త్రీలు హండియా అమ్ముతూ కనిపిస్తారు. ఉడికించి ఆరబెట్టిన అన్నంలో ‘రాను’ బిళ్ళల పొడి కలిపి, కొన్ని రోజులు కుండలో ఊరనిస్తే తయారయ్యే పానీయమిది. మన తరవాణిలా తెల్లగా, మడ్డిగా ఉంటుంది. నిలవ ఉంచరు కనుక ఆ మడ్డితో పేచీ లేదు.

క్రిస్మస్‌ కోసం ఇళ్ళలో పెట్టే ద్రాక్ష వైన్‌ సంగతి వేరు. అది నెలల తరబడి నిలవాలి. అడుగున చేరిన మడ్డిని సకాలంలో వదిలించకపోతే పడిన శ్రమంతా వృథా అవుతుంది. ఎందుకని?

మడ్డిలో ఏముంది?

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్‌ అనే ఏకకణ శిలీంధ్రం ఆల్కహాలుగా, కార్బన్‌ డై ఆక్సైడుగా మారుస్తుంది. చక్కెర అయిపోగానే ఈస్ట్‌ కణాలు అడుగుకు దిగుతాయి. వాటితోపాటు పండు గుజ్జు, తొక్కల ముక్కలు, ప్రోటీన్లు కూడా చేరతాయి. చనిపోయిన కణాలు తమ ఎంజైముల వల్లనే విచ్ఛిన్నమవుతాయి. మందమైన మడ్డిలో హైడ్రోజన్‌ సల్ఫైడు పుట్టి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. షాంపేన్‌ వంటి కొన్ని రకాలను సన్నని ఈస్ట్‌ మడ్డిపై కావాలనే ఉంచుతారు. గుజ్జుతో కూడిన ముతక మడ్డి మాత్రం ఎప్పుడూ చేటే.

ఎంతకాలం ఆగాలి?

ద్రవంలో కణం దిగే వేగం దాని వ్యాసం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని 1851లో జార్జి స్టోక్స్‌ చూపాడు. ఈస్ట్‌ కణం వ్యాసం సుమారు 5 మైక్రాన్లు. లెక్క వేస్తే అది రోజుకు 6 సెంటీమీటర్ల వరకు దిగుతుంది. అంటే అడుగు ఎత్తు జాడీ తేరడానికి ఐదారు రోజులు. ఒక మైక్రాను నలుసుకు అంతకు 25 రెట్ల కాలం, అంటే నాలుగు నెలలకు పైగా పడుతుంది! అందుకే ఒక్కసారి తేట తీస్తే చాలదు. పొంగు తగ్గాక ఒకసారి, మూడు నాలుగు వారాలకు మరోసారి, రెండు నెలల తరువాత ఇంకోసారి తీయడం ఆనవాయితీ.

అప్పటికీ తేరకపోతే? బావినీటిలో చిల్లగింజ అరగదీసి కలపడం మన పెద్దలకు తెలిసిందే. నలుసులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి దిగిపోతాయి. వైన్‌ తయారీలో ఆ పని బెంటొనైట్‌ అనే బంకమట్టిది. దానిది రుణావేశం, వైన్‌లోని ప్రోటీన్లది ధనావేశం. రెండూ కలిసి అడుగుకు చేరతాయి.

తేట తీసే పద్ధతి

జాడీని వంచితే మడ్డి మళ్ళీ లేస్తుంది. కనుక జాడీని కదపకుండా బల్లమీద, ఖాళీ సీసాను కింద ఉంచాలి. కాచి చల్లార్చిన నీటితో సన్నని గొట్టం నింపి, ఒక కొనను మడ్డికి రెండు వేళ్ళ ఎత్తున ముంచాలి. రెండో కొన నుంచి వచ్చే నీటిని పారబోసి, వైన్‌ రాగానే కొనను సీసా అడుగుదాకా దించాలి. నోటితో పీల్చకూడదు, నోటిలోని సూక్ష్మజీవులు చేరతాయి. వైన్‌ పైనుంచి ధారగా పడితే గాలి కలుస్తుంది. గాలి తగిలితే ఎసిటోబాక్టర్‌ అనే బాక్టీరియా ఆల్కహాలును వెనిగర్‌గా మారుస్తుంది. అందుకే సీసాను మెడదాకా నింపాలి.

బుడగలు వస్తూనే ఉంటే పులియడం ఇంకా ముగియలేదని అర్థం. అప్పుడు బిరడా బిగిస్తే వాయుపీడనానికి సీసా పగిలి, గాజు పెంకులు ఎగరవచ్చు. బుడగలు పూర్తిగా ఆగేదాకా వాయువు పోయే దారి ఉంచాలి.

గాజు పెంకులేనా?

జంషెడ్‌పూర్‌లో చలికాలపు రాత్రులు ఒక్కోసారి 10 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. అప్పుడు తేట వైన్‌లోనూ మెరిసే పలుకులు కనిపించవచ్చు. గాజు పెంకులని భయపడి పారబోయనక్కరలేదు. అవి పొటాషియం బైటార్ట్రేటు స్ఫటికాలు. చలిలో, ఆల్కహాలులో దాని ద్రావణీయత తగ్గి అలా పేరుకుంటుంది. మన చింతపండు పులుపుకు మూలమైన టార్టారిక్‌ ఆమ్లపు లవణమే అది. ఈ ఆమ్లపు లవణాల స్ఫటికాలనే భూతద్దం కింద వేరుచేసి, 1848లో లూయీ పాశ్చర్‌ కుడిఎడమల అణువుల రహస్యం కనుగొన్నాడు!

మరొక మాట. ఇంట్లో వైన్‌ తయారీకీ ఎక్సైజ్‌ చట్టాలు వర్తిస్తాయి. అవి రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. జాడీ కడిగే ముందే వాటిని తెలుసుకోవడం మంచిది.