మెట్ల దగ్గర బయటపడే ఊపిరితిత్తులు

వైరల్ జ్వరం తగ్గింది, దగ్గు సద్దుమణిగింది. వేలికి తగిలించిన ఆక్సీమీటర్ 97 చూపిస్తోంది. అయినా రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. ఇంట్లోవాళ్లు ఆ అంకె చూసి ‘అంతా బాగానే ఉందిగా, నీది ఉత్త భయం’ అంటారు. ఆక్సీమీటర్ అబద్ధం చెప్పదు. కాకపోతే కూర్చున్న మనిషి సంగతే చెబుతుంది.

ఊపిరితిత్తులకు రెండు పనులు. గాలిని లోపలికీ బయటికీ ఆడించడం ఒకటి. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను రక్తంలోకి దాటించడం రెండోది. గొట్టంలోకి బలంగా ఊదించే స్పైరోమెట్రీ మొదటిదాన్ని కొలుస్తుంది. ఇంగ్లండ్ వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే అది. వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం రెండో పనిని. ఊరి దాకా రోడ్డు బాగానే ఉంది, రేవులో పడవే నడవడం లేదన్నమాట.

ఆ దాటింపును కొలిచేది డీఎల్‌సీఓ పరీక్ష. దీనికి దారి వేసింది డెన్మార్క్ శాస్త్రవేత్త మేరీ క్రోగ్, 1915లో. అతి కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని పీల్చి, పది సెకన్లు బిగబట్టి, వదలాలి. ఎంత తిరిగి రాలేదో చూస్తారు. బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకుంటే ప్రాణం తీసే వాయువే ఇది. ప్రయోగశాలలో మోతాదు తగ్గించి మర్యాద నేర్పారు. హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఈ కొలతకు అది పనికొచ్చింది.

2020లో చైనాలోని గ్వాంగ్‌జౌలో కోవిడ్ తగ్గి ఇంటికి వెళ్లబోతున్న 110 మందికి ఈ పరీక్షలు చేశారు. ఊదే బలం తగ్గినవారు తక్కువే. దాటింపు తగ్గినవారు మాత్రం 47 శాతం, తీవ్ర న్యుమోనియా వచ్చినవారిలో 84 శాతం.

గాలి గదికీ రక్తానికీ మధ్య ఉండే పొర ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు. వాపు వచ్చి, నీరు చేరి అది మందమవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎర్రకణం ఆ పొర పక్కన ముప్పావు సెకను ఉంటుంది. ఆరోగ్యవంతుడిలో ఆక్సిజన్ నిండడానికి పావు సెకను చాలు. మిగతాది నిల్వ. పొర మందమైతే ముందుగా ఖర్చయ్యేది ఆ నిల్వే. మెట్లెక్కేటప్పుడు రక్తం వేగం పెరిగి సమయం తగ్గిపోతుంది, లోటు అక్కడ బయటపడుతుంది. కాబట్టి ఆరు నిమిషాలు నడిచాక అంకె చూడాలి. వాట్సాప్‌లో చుక్క కదిలినంతసేపు ఊపిరి బిగబట్టమనే వీడియోలతో ఇది తేలదు. అవి తేల్చేది ఎక్కువగా ఓర్పునే. మూడు బంతుల పరికరం లోతుగా పీల్చడానికి మంచిదే. ఇప్పుడది చాలా ఇళ్లలో పిల్లల ఆటవస్తువు.

ఆయాసమంతా ఊపిరితిత్తులదే కాదు. మంచం పట్టిన రోజుల్లో తొడ కండరాలు, ఊపిరి ఆడించే కండరాలు నీరసిస్తాయి. మనకు ఇంకో చిక్కు, రక్తహీనత. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు అది ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. హిమోగ్లోబిన్ తక్కువైతే డీఎల్‌సీఓ కూడా తక్కువే వస్తుంది. ఆ సవరణ వేయకుండా రిపోర్టు చదివితే రక్తం చేసిన తప్పుకు ఊపిరితిత్తులు నింద మోయాలి.

పాడైన పొరను గాలి గదుల్లోని రెండో రకం కణాలు విభజన చెంది మళ్లీ అల్లుతాయి. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రెండో వారానికే మళ్లీ స్కాన్ తీయిస్తే కనిపించేది తరచు తగ్గుతున్న మచ్చే, కొత్తగా తెలిసేది బిల్లు. కోలుకుంటున్న న్యుమోనియా రోగులకు బ్రిటన్ వైద్యులు ఎక్స్‌రేను 12 వారాలప్పుడు తీయమన్నది అందుకే. నడిచాక అంకె మూడు నాలుగు పాయింట్లు పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లెలో రక్తం కనిపించినా, ఒక కాలే వాచినా ఆ 12 వారాల లెక్క వర్తించదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.